పెద్ద పొరుగుదేశం దండెత్తితే చిన్న దేశం ఏం చేయాలి: ఒక పూట అభ్యాసంగా ఎలా నడపాలి

ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన దగ్గర్నుంచి బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు సంఘాలవాళ్లూ, ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్ (ఓపీఎస్సీ) పరీక్షలకు చదివే పిల్లలూ పదే పదే అడుగుతున్నది ఒకటే: బలమైన పొరుగు మీద పడితే చిన్న దేశానికి ఏం దారులుంటాయి? దీని మీద ఉపన్యాసం పెడితే అరగంటకే సగంమంది ఫోన్లు తీస్తారు. అదే మనుషుల్ని రెండు దేశాలుగా కూర్చోబెట్టి, ఎదురుగా గడియారం పెట్టి, నిర్ణయాలు మీరే తీసుకోండి అంటే మూడున్నర గంటలు ఎవరూ కదలరు. ఆ అభ్యాసం నడిపే పద్ధతి ఇది.

ముందే తెలుసుకోవలసింది: చిన్న దేశం పెద్దదాన్ని యుద్ధంలో ఓడించడం చాలా అరుదు. అది చేయగలిగినవి రెండు. కాలం సంపాదించుకోవడం, దాడికి అయ్యే ఖర్చు పెంచడం. కింది నియమాలన్నీ ఆ రెండింటినీ లెక్కపెట్టడానికే.

కావలసినవి

- మనుషులు 18 మంది: చిన్న దేశం 5, పెద్ద దేశం 4, బయటి దేశాలు 3, పత్రికలవాళ్లు 2, అంపైర్లు 2, భద్రతా మండలి గుమస్తా 1, గడియారం చూసేవాళ్లు 1.
- రెండు గదులు, మధ్య వరండా. ఆదివారం బడి దొరికితే చాలు. ఎండాకాలమైతే పొద్దున్న 7కే మొదలుపెట్టండి.
- చింతపిక్కలు 60 (సైన్యం), రూపాయి బిళ్లలు 60 (ఖజానా), గవ్వలు 30 (జనం నిబ్బరం).
- చార్టు కాగితాలు 2, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, పాచికలు 2, ఖాళీ చీటీలు 120.
- గోడ గడియారం. ఫోన్లు బయట బుట్టలో పెట్టించాలి. ఫోన్ దగ్గరుంటే రెండో రౌండుకల్లా జవాబుల కోసం వెతకడం మొదలవుతుంది.

పంపకం ఇలా: పెద్ద దేశానికి 40 పిక్కలు, 30 బిళ్లలు, 10 గవ్వలు. చిన్న దేశానికి 12 పిక్కలు, 10 బిళ్లలు, 16 గవ్వలు. బయటి దేశాలు మూడింటిలో, దూరాన ఉన్న పెద్ద దేశానికి 6 పిక్కలు, 12 బిళ్లలు. పక్కనున్న మరో చిన్న దేశానికి 2 పిక్కలు, 4 బిళ్లలు. చమురు అమ్మే దేశానికి 4 బిళ్లలు మాత్రమే. మిగిలిన వస్తువులు అంపైర్ల దగ్గర ఉంటాయి. గవ్వల్లో చిన్న దేశానిదే పైచేయి. ఇంటి గుమ్మంలో పోరాడేవాడికీ, పరాయి గడ్డ మీదికి వచ్చినవాడికీ ఓపికలో ఆ మాత్రం తేడా ఉంటుంది.

1. కథ రాయండి, ఊరి గొడవలు కలపకండి

ఒక పేజీ చాలు. రెండు దేశాలకూ కల్పిత పేర్లు పెట్టండి. సరిహద్దు పొడవు, జనాభా, ఒక రేవు, ఒక ఘాట్ రోడ్డు, మూడు వంతెనలు, పెద్ద దేశంలో పుట్టి చిన్న దేశంలోకి పారే ఒక నది, సరిహద్దుకు 60 కిలోమీటర్ల దూరంలో చిన్న దేశం రాజధాని. పెద్ద దేశానికి ఒక ఫిర్యాదు కూడా ఉండాలి, అందులో కాస్త నిజం ఉండాలి. శుద్ధ దుర్మార్గుణ్ణి రాస్తే ఆ పక్క కూర్చున్న నలుగురూ బుర్ర పెట్టడం మానేస్తారు.

కొఠియా గ్రామాల తగాదా, వంశధార నీళ్ల పంచాయితీ కథలోకి రానివ్వద్దు. ఒడిశా, ఆంధ్రా రెండు వైపులా చుట్టాలున్నవాళ్లే గదిలో ఉంటారు, రెండో రౌండుకల్లా అభ్యాసం పోయి అసలు గొడవ మొదలవుతుంది. మన దేశం, మన పొరుగు దేశాల పేర్లూ అంతే. మహారాష్ట్ర వైపు రాజురాలోనో నాందేడ్‌లోనో నడిపేవాళ్లు 1948 హైదరాబాదును తీసుకోవద్దు, ఆ నాటి జ్ఞాపకాలు అక్కడి ఇళ్లలో ఇంకా ఉన్నాయి.

2. పటం గీయండి

చార్టు మీద చేత్తో గీసిన పటమే మేలు. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ వైపు అయితే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పటం మీద పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఒడియాలోనూ ‘ఊహాజనిత అభ్యాసం’ అని రాయండి, ముందురోజే బడి హెడ్‌మాస్టరుకు చెప్పండి. అసలు కొండల పేర్లు, రోడ్ల పేర్లు పెట్టకండి. సైన్యం గుర్తులున్న పటాన్ని హాల్లో వదిలేసి వెళ్తే ఎవరి చేతిలో పడి ఏ అర్థం తీస్తారో చెప్పలేం.

3. పాత్రలు పంచండి

చిన్న దేశంలో ప్రధాని, రక్షణ, విదేశాంగం, ఆర్థికం, పౌర రక్షణ. బాగా మాట్లాడేవాణ్ణి ప్రధానిని చేయకండి, మిగతా నలుగురూ ప్రేక్షకులైపోతారు. అతణ్ణి పెద్ద దేశానికి పంపండి.

మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా రాస్తారు. చీటీ ఏ లిపిలో రాసినా చెల్లుతుందని ముందే చెప్పండి. అంపైర్లలో ఒక్కరైనా రెండూ చదవగలగాలి. ఈ ఏర్పాటు చేయకపోతే తెలుగు రాయడం వచ్చిన ఇద్దరి చేతుల్లోకే దేశం పోతుంది.

పెద్ద దేశంవాళ్లు ఆట మొదలవక ముందే తమ మూడు లక్ష్యాలు రాసి కవరులో పెట్టి అంపైర్లకు ఇవ్వాలి. చివర్లో అది పనికొస్తుంది.

4. నాలుగు వరుసల చీటీ

రౌండుకు ప్రతి దేశం మూడు ఆదేశాలకు మించి ఇవ్వకూడదు. ప్రతి చీటీలో నాలుగు వరుసలు: ఏం చేస్తున్నాం, దేనితో, ఎందుకు పనిచేస్తుంది, ఏం పోతుంది. నాలుగో వరుస ఖాళీగా ఉన్న చీటీని అంపైరు వెనక్కి ఇచ్చేయాలి. మొహమాటపడొద్దు. ‘అంతర్జాతీయ మద్దతు కూడగడతాం’ లాంటి ఉత్త మాటలకు ఈ వరుస దగ్గరే అడ్డు పడుతుంది. ఎవరి మద్దతు? అందుకు వాళ్లకు ఏమిస్తారు?

రెండో రౌండు నుంచి చిన్న దేశం రౌండుకు ఒక బిళ్ల కట్టాలి. పెద్ద దేశం సరిహద్దు దాటించిన ప్రతి పది పిక్కలకు ఒక బిళ్ల కట్టాలి. కట్టలేకపోతే బిళ్లకు బదులు గవ్వ పోతుంది. గవ్వలు అయిపోతే ప్రభుత్వం పడిపోయినట్టే.

5. అంపైర్లు తీర్పు చెప్పే పద్ధతి

ఆదేశం ఇచ్చినవాళ్లు అది పనిచేస్తుందనడానికి కారణాలు చెబుతారు, మూడు దాకా. ఎదుటి పక్షం పనిచేయదనడానికి మూడు దాకా చెబుతుంది. గట్టి కారణాన్నే లెక్కలోకి తీసుకోవాలి. తర్వాత రెండు పాచికలు వేయండి. వచ్చిన అంకెకు అనుకూల కారణాలు కలిపి, వ్యతిరేక కారణాలు తీసేస్తే 7 గానీ అంతకు పైన గానీ ఉంటే ఆదేశం నెగ్గినట్టు.

కారణాలు సమానమైతే నెగ్గే అవకాశం 58 శాతం. రెండు కారణాలు ఎక్కువుంటే 83, రెండు తక్కువైతే 28. ఈ మూడు అంకెలూ గోడ మీద రాసి పెట్టండి. చూస్తూ ఉంటే పిల్లలు అరవడం తగ్గించి కారణాలు వెతకడం మొదలుపెడతారు.

6. ఆరు రౌండ్లు

*మొదటి రౌండు, దాడికి ముందు నెల రోజులు (25 నిమిషాలు).* వంతెనలకు మందుగుండు అమర్చడమా, ఖజానా బంగారం విదేశానికి పంపడమా, రిజర్వు బలగాన్ని పిలవడమా, మాటలు సాగదీయడమా? పైకి కనబడే ప్రతి సన్నాహమూ పెద్ద దేశానికి ఒక అనుకూల కారణం అవుతుంది. ‘చూడండి, వీళ్లే కాలు దువ్వుతున్నారు’ అనే వీలు దొరుకుతుంది. అలాగని ఏమీ చేయకపోతే తర్వాతి రౌండు పదిహేను నిమిషాల్లోనే చిత్తవుతారు.

ఇక్కడే మొదటి తూటా హెచ్చరిక చెప్పండి. 2008 ఆగస్టు 7 రాత్రి జార్జియా దేశం, తన నుంచి విడిపోయిన దక్షిణ ఒసేషియా ప్రాంతపు ముఖ్య పట్టణం త్స్‌ఖిన్‌వాలి మీద ఫిరంగులు పేల్చింది. ఐరోపా సమాఖ్య వేసిన విచారణ సంఘం 2009లో నివేదిక ఇస్తూ బహిరంగ యుద్ధం ఆ కాల్పులతోనే మొదలైందని చెప్పింది. దానికి ముందు చాలాకాలం రెచ్చగొట్టడం జరిగిందనీ, రష్యా ప్రతిస్పందన హద్దు మీరిందనీ కూడా అదే నివేదిక రాసింది. కానీ జార్జియా మొదటి సంగతికి సంజాయిషీ చెప్పుకోవడంతోనే సరిపోయింది.

*రెండో రౌండు, మొదటి ఆరు గంటలు (15 నిమిషాలు).* కావాలనే తక్కువ సమయం. చిన్న దేశంవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే: 12 పిక్కలూ సరిహద్దు మీదికి తోసేస్తారు. అక్కడ ఓడితే మూడో రౌండుకు చేతిలో ఏమీ ఉండదు.

ఆపకండి, తప్పు చేయనివ్వండి. రౌండు అయ్యాక 1940 ఏప్రిల్ 9 చెప్పండి. ఆ ఒక్క పొద్దున్నే జర్మనీ డెన్మార్క్, నార్వేల మీద పడింది. డెన్మార్క్ కొద్ది గంటల్లోనే లొంగింది. నార్వేలో ఓస్లో వైపు వస్తున్న బ్లూషర్ అనే యుద్ధనౌకను ఆస్కర్స్‌బోర్గ్ కోటలోని పాత ఫిరంగులు, టార్పెడోలు ముంచేశాయి. కోటకు ఉన్న బలం కొంచెమే. దానివల్ల దొరికిన వ్యవధి మాత్రం చాలా పెద్దది. రాజు, మంత్రులు, పార్లమెంటు సభ్యులు ఓస్లో దాటి వెళ్లిపోయారు, బ్యాంకు బంగారాన్నీ తరలించారు. నార్వే 62 రోజులు పోరాడింది. జూన్‌లో గడ్డ పోయింది గానీ ప్రభుత్వం లండన్ నుంచి నడిచింది, వాణిజ్య నౌకలు మిత్రదేశాల పక్షాన పనిచేశాయి.

ఈ రౌండులో చిన్న దేశానికి ఒక తప్పనిసరి చీటీ ఉంటుంది: ప్రధాని పట్టుబడితే ఎవరు ఆదేశాలిస్తారు? పేరు రాయకపోతే రెండు గవ్వలు పోతాయి.

*మూడో రౌండు, 72 గంటలు (20 నిమిషాలు).* ఇది ఐక్యరాజ్యసమితి రౌండు. విదేశాంగ మంత్రి 150 మాటల్లో ఉత్తరం రాయాలి. అందులో దాడి ఎప్పుడు, ఎక్కడ జరిగింది, ఏ బలగంతో, చార్టర్ 51వ అధికరణం కింద ఆత్మరక్షణ హక్కు వాడుతున్నామని, భద్రతా మండలి వెంటనే సమావేశం కావాలని ఉండాలి. తిట్లుంటే గుమస్తా వెనక్కి ఇవ్వాలి. ఆత్మరక్షణకు తీసుకున్న చర్యలను వెంటనే మండలికి తెలియజేయాలని ఆ అధికరణమే చెబుతుంది, కాబట్టి ఈ ఉత్తరాన్ని మొక్కుబడి కాగితంగా చూడొద్దు.

ఆట మొదలుకాక ముందే గుమస్తా రెండు చీటీల్లో ఒకటి తీసి దాచుకోవాలి: ‘పెద్ద దేశానికి వీటో ఉంది’ లేదా ‘లేదు’. ఇప్పుడు తెరవాలి. మండలిలో 15 మంది సభ్యులు, తీర్మానానికి 9 ఓట్లు కావాలి, ఐదుగురు శాశ్వత సభ్యుల్లో ఎవరూ అడ్డు చెప్పకూడదు.

వీటో లేకపోతే కువైట్ దారి. 1990 ఆగస్టు 2న ఇరాక్ చొరబడిన రోజే దాన్ని ఖండిస్తూ 660వ తీర్మానం, 6న ఆంక్షల తీర్మానం, నవంబరు 29న బలప్రయోగానికి అనుమతిస్తూ 678వ తీర్మానం వచ్చాయి. జనవరి 17న దాడి మొదలైంది, ఫిబ్రవరి 28న ముగిసింది. అన్నీ కలిసొచ్చినా దాదాపు ఏడు నెలలు పట్టింది. అంతకాలం కువైట్ ప్రభుత్వం సౌదీ అరేబియాలో ఉండి బతికింది.

వీటో ఉంటే ఉక్రెయిన్ దారి. 2022 ఫిబ్రవరి 25న మండలిలో 11 ఓట్లు పడ్డా రష్యా వీటో చేసింది, భారత్ ఓటు వేయలేదు. విషయం అన్ని సభ్యదేశాలూ ఉండే సర్వసభకు వెళ్లింది. మార్చి 2న 141 దేశాలు అనుకూలం, 5 వ్యతిరేకం, 35 దూరం. ఆ తీర్మానం ఎవరినీ కట్టిపడేయదు. అయితే ఆంక్షలు వేయదలచుకున్న దేశాలకు అండ అవుతుంది. ఆటలో దీన్ని ఇలా లెక్కించండి: వీటో పడితే సైన్యం రాదు గానీ, బయటి దేశాల దగ్గర సాయం అడిగే ప్రతిసారీ ఒక అనుకూల కారణం ఉచితం.

వీటో మాట వచ్చినప్పుడు ఎవరో ఒకరు ‘అంతా రష్యావాళ్ల పనే’ అంటారు. నికరాగ్వా అనే చిన్న దేశం అమెరికా మీద వేసిన కేసు చెప్పండి. 1986 జూన్ 27న అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది, దాని అమలు కోరిన తీర్మానాన్ని మండలిలో అమెరికా వీటో చేసింది.

పౌర రక్షణ మంత్రి పని కూడా ఇక్కడే. ఇంటికి ఎంత నీరు, ఎన్ని రోజులకు? అంకె రాయాలి. స్వీడన్ 2024లో ఇంటింటికీ పంపిన పుస్తకం సాయం లేకుండా కనీసం వారం గడపడానికి సిద్ధంగా ఉండమంది. మనిషికి రోజుకు 3 లీటర్ల లెక్కన నలుగురి ఇంటికి వారానికి 84 లీటర్లు, అంటే పెద్ద బిందెలు ఐదారు. ఫైలిన్, తిత్లీ తుపానులు చూసిన గంజాం, గజపతి పిల్లలకు ఈ భాగం ఎవరూ నేర్పక్కర్లేదు. అటుకులు, బెల్లం, కొవ్వొత్తులు, తుపాను షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో, అన్నీ టకటకా రాసేస్తారు.

*నాలుగో రౌండు, రెండు వారాలు (25 నిమిషాలు).* ఇప్పుడు పెద్ద దేశం కష్టాలు బయటపడాలి. సరిహద్దు దాటిన పిక్కలకు ఇంధనం, తిండి ఏ రోడ్డున వస్తున్నాయో పటం మీద గీయమనండి. ఒకే ఘాట్ రోడ్డైతే చిన్న దేశానికి అదే అవకాశం. 2022లో కీవ్‌కు ఉత్తరాన దాదాపు 64 కిలోమీటర్ల పొడవున రష్యా వాహనాల వరస నిలిచిపోయింది.

ఆయుధం లేని ప్రతిఘటన చీటీలు కూడా చెల్లుతాయి: సమ్మె, సహాయ నిరాకరణ, దారి బోర్డులు పీకేయడం. 1968 ఆగస్టు 20 రాత్రి సోవియట్ కూటమి సేనలు వచ్చినప్పుడు చెకొస్లొవేకియా జనం బోర్డులు తీసేశారు, రహస్యంగా రేడియో నడిపారు. వచ్చిన సేనలు వెనక్కి వెళ్లలేదు, కానీ ఆ దేశ నాయకుడు దూబ్‌చెక్‌ను పదవి నుంచి దించడానికి మరుసటి ఏప్రిల్ దాకా పట్టింది. కాబట్టి ఇలాంటి చీటీ నెగ్గితే పెద్ద దేశం గవ్వ ఒకటి పోతుంది, పిక్క పోదు.

పత్రికలవాళ్లు ఈ రౌండులో ఒక పుకారు వదలాలి: ‘ప్రధాని పారిపోయాడు’. ఐదు నిమిషాల్లో ఖండన రాకపోతే చిన్న దేశానికి ఒక గవ్వ నష్టం. ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ 2022 ఫిబ్రవరి 25 రాత్రి కీవ్ వీధిలో నిలబడి ఇక్కడే ఉన్నామని చిన్న వీడియో పెట్టింది ఇందుకే.

*ఐదో రౌండు, మూడు నెలలు (25 నిమిషాలు).* ముందు పది నిమిషాలు టీ, తర్వాత బేరాలు. బయటి దేశాల దగ్గరికి వెళ్లి న్యాయం, ధర్మం అనే జట్లు ఖాళీ చేతులతో తిరిగొస్తాయి. బయటి దేశాలవాళ్లు ‘మాకేంటి?’ అనే అడగాలని ముందే చెప్పి ఉంచండి. సాయం ఒప్పుకుంటే ఎన్ని పిక్కలు, ఏ రౌండులో, ఏ దారిన అని కాగితం మీద ఉండాలి. 1994 బుడాపెస్ట్ ఒడంబడికలో ఉక్రెయిన్ తన గడ్డ మీదున్న అణ్వాయుధాలు వదులుకుని సరిహద్దులకు హామీ తీసుకుంది. దాడి జరిగితే సైన్యం పంపుతామని అందులో ఎవరూ రాయలేదు.

*ఆరో రౌండు, సంప్రదింపులు (30 నిమిషాలు).* బల్ల దగ్గర కూర్చోవడమే అవమానం అనుకునే కుర్రాళ్లుంటారు. సోవియట్ యూనియన్ దాడిని ఎదుర్కొన్న ఫిన్లండ్ లెక్క గోడ మీద రాయండి: 1939 నవంబరు 30 నుంచి 1940 మార్చి 13 దాకా 105 రోజుల యుద్ధం, చనిపోయినవాళ్లు సుమారు 25 వేలు, పోయిన భూమి దాదాపు పదో వంతు, ఇళ్లు వదిలినవాళ్లు 4 లక్షల పైన, మిగిలింది స్వతంత్ర దేశం. అది గెలుపో ఓటమో వాదించుకోనివ్వండి, అంపైర్లు మాత్రం తేల్చకూడదు. ఒప్పందంలో సరిహద్దు గీత ఎక్కడ, బందీల విడుదల ఎప్పుడు, గీత దాటితే ఎవరు చూస్తారు అనే మూడూ లేకపోతే అది చెల్లదు.

7. ఫలితం సరిచూసుకోవడం (40 నిమిషాలు)

మొదట్లో కథ చెప్పడానికి 20 నిమిషాలు, రౌండ్లకు 140, టీకి 10, దీనికి 40. సమీక్ష సమయాన్ని కోసి రౌండ్లు పొడిగించకండి. నేర్చుకునేది ఎక్కువగా ఇక్కడే.

పెద్ద దేశం మొదట ఇచ్చిన కవరు తెరవండి. రాసుకున్న మూడు లక్ష్యాల్లో ఎన్ని నెరవేరాయి? మూడూ నెరవేరి చిన్న దేశానికి పిక్కలు మిగిలితే ఆ పిక్కలు వృథా. ఒక్కటీ నెరవేరకుండా రాజధాని పోయినా, చిన్న దేశం బాగా ఆడినట్టే. తర్వాత ప్రభుత్వం ఇంకా ఆదేశాలిచ్చే స్థితిలో ఉందా, గవ్వలెన్ని మిగిలాయి, రాతపూర్వక హామీలెన్ని అని చూడండి. ఆఖరున చీటీలన్నీ పోసి నాలుగో వరుసలు చదివించండి. ముందు రాసిన నష్టం, నిజంగా జరిగిన నష్టం ఎంత తేడాగా ఉన్నాయో వాళ్లే చూసుకుంటారు.

రెండు గంటల్లోపే అంతా ముగిసిపోతే సాధారణంగా కారణం ఒకటే: అంపైర్లు బలహీనమైన కారణాలనూ లెక్కలోకి తీసుకున్నారు. ఎవరూ ఏమీ కదపకపోతే చిన్న దేశానికి పిక్కలు ఎక్కువిచ్చారని అర్థం, తర్వాతిసారి 12ను 10 చేయండి.

మనుషులు తక్కువైతే

8 మందితోనూ నడుస్తుంది: చిన్న దేశం 3, పెద్ద దేశం 2, బయటి దేశాలన్నింటికీ కలిపి 1, పత్రికలకూ గుమస్తాకూ 1, అంపైరు 1. బడి పీరియడు 45 నిమిషాలే దొరికితే రెండో రౌండు, మూడో రౌండు మాత్రమే ఆడించి మిగతా సమయం సమీక్షకు ఇవ్వండి. వాట్సాప్‌లో రోజుకో రౌండు చొప్పున ఆరు రోజులు ఆడేవాళ్లూ ఉన్నారు. అందులో గడియారం ఒత్తిడి పోతుంది కాబట్టి రెండో రౌండుకు మాత్రం అందరూ ఒకేసారి ఫోన్ దగ్గరుండాలని పట్టుబట్టండి.

అదే బృందంతో మళ్లీ ఆడితే ఒక్కటే మార్చండి. వీటో చీటీ తిరగేస్తే చాలు. కథ, పటం, పంపకం పాతవే ఉండాలి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తేలదు. పాత చీటీలు రౌండువారీగా దారంతో కట్టి ఉంచండి, రెండోసారి సమీక్షలో పక్కపక్కన పెట్టి చదవడానికి అవే కావాలి.